వదిలేసిన యురేనియం గనుల్ని శుభ్రం చేస్తారా, కప్పేస్తారా?

పెందుర్తి_కుర్రోడు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎం.టెక్ ఎన్విరాన్‌మెంటల్ చదువుతున్నాను. సెమినార్‌కి చీటీలు తీస్తే మావాళ్లందరికీ మురుగునీరు, ప్లాస్టిక్ లాంటివి వచ్చాయి. నాకు మాత్రం "వదిలేసిన యురేనియం గనుల శుద్ధి" తగిలింది. పేపర్లు కొన్ని చదివాను గానీ, చదివినకొద్దీ ఒకటే అనుమానం. ప్రతిచోటా పని పూర్తయింది అని రాస్తారు. నాలుగు పేజీలు తిప్పితే అక్కడ ఇంకా నీళ్లు శుద్ధి చేస్తూనే ఉంటారు, చుట్టూ కంచె ఉంటుంది, మనుషుల్ని రానివ్వరు. మరి పూర్తయింది అంటే ఏమిటి? ఆ విషం ఎక్కడికి పోయింది? ఇక్కడ గనుల్లో పనిచేసిన పెద్దలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. గురువారం సెమినార్. టెన్షన్‌గా ఉంది.

కంచరపాలెం_టీకొట్టు | సోమవారం, రాత్రి 9:52

విశాఖలో యురేనియం గని ఎక్కడుంది బావూ? పోర్టు బొగ్గు పొడి మీద సెమినార్ పెట్టుకోరాదూ, మా డాబా మీదకొస్తే శాంపిల్ ఫ్రీగా ఇస్తాను.

గని_తాతయ్య | సోమవారం, రాత్రి 11:05

బాబూ, నా ఉద్యోగమంతా గనుల్లోనే గడిచింది, అందులో కొంతకాలం జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ వైపు. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మనవల్ని స్కూలు బస్సు ఎక్కించడమే డ్యూటీ. తెలిసింది చెబుతాను.

ముందు ఒక లెక్క చూడు. అక్కడి జాడుగూడ యురేనియం గని ఖనిజంలో యురేనియం 0.07 శాతం కూడా ఉండదు. టన్ను రాయి తవ్వి, నుగ్గు చేసి, యాసిడ్‌లో నానబెడితే చేతికొచ్చేది ముప్పాతిక కిలో లోపు. మిగతాదంతా పిండిలా మారి నీళ్లతో కలిసి చెరువుకి పోతుంది. దాన్ని టెయిలింగ్ పాండ్ అంటాం. యురేనియం తీసేశాక ఇంకేం ప్రమాదం అని చాలామంది అనుకుంటారు. కానీ ఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ పిండిలోనే ఉండిపోతుంది. యురేనియం యుగాల తరబడి విచ్ఛిన్నమవుతూ కన్న సంతానం, అంటే థోరియం-230, రేడియం-226 వగైరా, మిల్లుకి అక్కర్లేదు. వాటిని అలాగే చెరువుకి పంపేస్తుంది. థోరియం-230 సగానికి తగ్గాలంటే సుమారు 75 వేల ఏళ్లు. రేడియంకి 1600 ఏళ్లు. రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు 3.8 రోజుల్లో సగమైపోతుంది, అయితే రేడియం ఉన్నన్నాళ్లూ అది కొత్తగా పుడుతూనే ఉంటుంది.

కాబట్టి విషం ఎక్కడికీ పోలేదు. కోట్ల టన్నుల పిండిలోంచి దాన్ని మాయం చేసే విద్య ఎవరి దగ్గరా లేదు. గాలికి ఎగరకుండా, నీళ్లలో కలవకుండా, మనుషుల చేతికి చిక్కకుండా ఒకచోట కట్టిపడేస్తారు. శుద్ధి అని రాసేది దానికే.

అణుశక్తి_ఫ్యాన్ | మంగళవారం, ఉదయం 7:15

తాతయ్య గారూ, ఆ యురేనియం అంతకుముందు కూడా అదే కొండలో ఉంది కదండీ? దేవుడు పెట్టిన చోటే ఉంది. తవ్వి తీసింది పోగా మిగిలింది తిరిగి అక్కడే పడేస్తే కొత్తగా పెరిగిన ప్రమాదం ఏమిటి?

గని_తాతయ్య | మంగళవారం, ఉదయం 8:30

బెల్లం అచ్చుని నీళ్లలో వేసి చూడండి, అదే బెల్లం దంచి వేసి చూడండి. ఎంత తేడా! కొండలో గట్టి రాయిగా ఉన్నప్పుడు దానికి నీరూ గాలీ తగలవు. మిల్లులో పిండి చేశాక ప్రతి రేణువూ తడుస్తుంది. పైగా చాలాచోట్ల ఖనిజంతో పాటు పైరైట్ ఉంటుంది, అంటే ఇనుము, గంధకం కలిసిన రాయి. దానికి గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారవుతుంది. ఆ యాసిడ్ మిగిలిన లోహాల్ని కరిగించి వాగులో కలుపుతుంది. ఆస్ట్రేలియాలో రమ్ జంగిల్ అని 1950ల నాటి గని ఉంది, 1971లో మూశారు. అక్కడి ఫినిస్ నది పాయ ఇలాగే పాడైంది. 1980లలో డబ్బు పోసి బాగుచేశారు, అప్పట్లో మంచి ఉదాహరణ అని చెప్పుకున్నారు కూడా. తర్వాత కప్పు దెబ్బతింది, యాసిడ్ నీరు ఆగలేదు, మళ్లీ మొదటినుంచీ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. కుర్రోడా, నీ సెమినార్‌లో ఈ కేసు తప్పకుండా పెట్టు. "పూర్తయింది" అన్నాక ఏమవుతుందో ఇది చెబుతుంది.

జర్మనీలో_జాలరి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాది జాలరిపేట. ఇప్పుడు ఉద్యోగం జర్మనీలో, కెమ్నిట్జ్ ఊళ్లో. ఈ సబ్జెక్టు మా ఇంటి వెనకే ఉంది కాబట్టి రాస్తున్నా.

తూర్పు జర్మనీగా ఉన్న రోజుల్లో ఇక్కడి సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో విస్‌మూట్ అనే సంస్థ సోవియట్ బాంబుల కోసం 1946 నుంచి 1990 దాకా యురేనియం తవ్వింది. మొత్తం సుమారు 2 లక్షల 31 వేల టన్నులు. మనుషులు ఉండే ఊళ్ల మధ్యే తవ్వారు. రెండు జర్మనీలు కలిశాక చూస్తే కొండల్లాంటి రాళ్ల గుట్టలు, బురద చెరువులు, ఊళ్ల కింద సొరంగాలు. 1991 నుంచి కేంద్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో బాగుచేస్తోంది. ఇప్పటికే వందల కోట్ల యూరోలు పోశారు.

రోనెబర్గ్‌లో లిక్టెన్‌బర్గ్ అనే ఓపెన్ పిట్ ఉండేది. పక్కన ఉన్న గుట్టల్ని తవ్వి మళ్లీ ఆ గోతిలోనే నింపారు, పది కోట్ల ఘనపు మీటర్లకు పైగా. యాసిడ్ పుట్టించే రాయిని అడుగున, నీటి మట్టం కిందికి వచ్చేలా వేశారు, గాలి తగలకూడదని. యాసిడ్ తక్కువ పుట్టించేది పైన. 2007లో జాతీయ పూల ప్రదర్శన అక్కడే పెట్టారు. నేను పిల్లల్ని తీసుకుని వెళ్లాను, నిజంగా బాగుంది, గడ్డి, చెట్లు, సైకిల్ దారులు. చెప్పకపోతే కింద ఏముందో తెలీదు.

కానీ కుర్రోడి అనుమానం నిజమే. గని పంపులు ఆపితే సొరంగాల్లో నీరు నిండి పైకొస్తుంది. ఆ నీటిలో ఇనుము, యురేనియం, ఆర్సెనిక్ లాంటివి ఉంటాయి. సున్నం వేసి వాటిని అడుక్కి దించే ప్లాంట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎప్పుడు ఆపుతారని అక్కడి గైడ్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

కంచరపాలెం_టీకొట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:31

విషం మీద పూల ప్రదర్శన! మనోళ్లకి ఈ ఐడియా చెప్పకండి, రేపే టెండర్ పిలుస్తారు.

మద్దిలపాలెం_కెమిస్ట్ | మంగళవారం, సాయంత్రం 6:10

నీళ్ల పరీక్షలు నా పని కాబట్టి నీళ్ల సంగతి చెబుతాను. జర్మనీ బాబాయ్ చెప్పిన సున్నం పద్ధతి ఇనుముకి బాగా పనిచేస్తుంది. యురేనియం దగ్గర ఒక చిక్కుంది. నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువుంటే యురేనియం దానితో జతకట్టి కరిగిపోతుంది, ఎంత దూరమైనా ప్రయాణిస్తుంది. దాన్ని మట్టిలోనే ఆపాలంటే ఆక్సిజన్ లేని పరిస్థితి కల్పించాలి. అప్పుడు కరగని రూపానికి మారి రేణువులకి అంటుకుంటుంది.

దీని మీద అమెరికాలో రెండు రకాల ప్రయోగాలు జరిగాయి. యూటాలోని మాంటిచెల్లోలో 1999లో భూమిలో గోడలా ఇనుప పొడి నింపారు. భూగర్భజలం ఆ ఇనుము గుండా వెళ్లేటప్పుడు యురేనియం అక్కడ పట్టుబడుతుంది. కొలరాడోలోని రైఫిల్‌లో భూమిలోకి అసిటేట్ ఎక్కించారు. వెనిగర్ జాతి పదార్థమే. దాన్ని తిని జియోబాక్టర్ అనే సూక్ష్మజీవులు పెరిగి యురేనియాన్ని కరగని రూపానికి మార్చాయి. ఫలితం చక్కగా వచ్చింది. అయితే మళ్లీ ఆక్సిజన్ ఉన్న నీరు వచ్చి చేరితే అది తిరిగి కరిగే వీలుంది. ఇనుప గోడ కూడా కొన్నాళ్లకి మూసుకుపోతుంది. తమ్ముడూ, సెమినార్‌లో సూక్ష్మజీవుల స్లైడ్‌కి అందరూ చప్పట్లు కొడతారు. ఆ తర్వాతి స్లైడ్ మాత్రం తీసేయకు.

పెందుర్తి_కుర్రోడు | మంగళవారం, రాత్రి 8:45

మేడమ్, చాలా థాంక్స్. తాతయ్య గారూ, పైన వేసే కప్పు గురించి కొంచెం చెప్పండి. ఎంత మందం, దేనితో?

గని_తాతయ్య | మంగళవారం, రాత్రి 10:20

అమెరికాలో 1978లో యురేనియం మిల్లుల వ్యర్థాల మీద ప్రత్యేకంగా చట్టం చేశారు. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం కప్పు వీలైతే 1000 ఏళ్లు, కనీసం 200 ఏళ్లు నిలిచేలా కట్టాలి. కింద దట్టించిన బంకమట్టి వేస్తారు. రేడాన్ ఆ మట్టి పొరలో మెల్లగా పైకి వచ్చేలోపే చాలావరకు విచ్ఛిన్నమైపోతుంది, దాని ఆయుష్షు తక్కువ కదా. వాననీరు కూడా లోపలికి దిగదు. మట్టి కొట్టుకుపోకుండా పైన పెద్ద పెద్ద రాళ్లు పరుస్తారు. వినడానికి తేలిక. ఎండకి బంకమట్టి బీటలు వారుతుంది, చెట్ల వేర్లు దూరతాయి, ఎలుకలూ కుందేళ్లూ బొరియలు తవ్వుతాయి. తుపాను ఒకటి వచ్చిందంటే గట్టు సంగతి చూసుకోవాలి. హుద్‌హుద్ రోజు మన కొండల మీద చెట్లు ఏమయ్యాయో చూసినవాళ్లమే కదా. 200 ఏళ్లంటే అలాంటి రాత్రులు ఎన్ని!

చోటు మంచిది కాకపోతే మొత్తం ఎత్తి వేరేచోటికి మోయాలి. యూటాలోని మోయాబ్ దగ్గర కొలరాడో నది ఒడ్డునే కోటీ 60 లక్షల టన్నుల టెయిలింగ్స్ ఉంటే, 2009 నుంచి రైలు పెట్టెల్లో ఎక్కించి 48 కిలోమీటర్ల అవతల ఎడారిలో కట్టిన గుంతలోకి తరలిస్తూ వచ్చారు.

బీచ్‌రోడ్_వాకర్ | బుధవారం, ఉదయం 6:50

ఇవన్నీ డబ్బున్న దేశాల కథలు. డబ్బు లేని మనుషుల దగ్గర తవ్వితే ఏమైందో కూడా రాయండి. అదే అమెరికాలో నవాహో ఆదివాసీల నేల మీద 1944 నుంచి 1986 దాకా తవ్వి, వదిలేసిన గనులు 500కి పైగా ఉన్నాయి. పనివాళ్లకి గాలి ఆడే ఏర్పాటు లేదు, రేడాన్ సంగతి చెప్పలేదు. గని రాళ్లతో ఇళ్లు కట్టుకున్నారు. 1979 జులై 16న చర్చ్ రాక్ దగ్గర టెయిలింగ్ చెరువు గట్టు తెగి 1100 టన్నుల వ్యర్థం, దాదాపు 36 కోట్ల లీటర్ల ఆమ్ల జలం ప్యూర్కో నదిలో పడింది. అదే ఏడాది మార్చిలో త్రీమైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే ప్రపంచమంతా గోల. దీని గురించి విన్నవాళ్లు ఎంతమంది? ఈరోజుకీ ఆ గనుల్లో సగం కంటే తక్కువ వాటికే శుద్ధికి డబ్బు దొరికింది. కంపెనీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి.

అణుశక్తి_ఫ్యాన్ | బుధవారం, ఉదయం 9:05

సార్, అవన్నీ అణుబాంబుల తొందరలో, నియమాలు లేని కాలంలో జరిగినవి. ఇప్పుడు అలా కుదరదు. మన దగ్గర 1983 నుంచి ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి ఉంది, గని మూసివేత ప్లాన్ ముందే ఇవ్వాలి. కొవ్వాడలో రియాక్టర్లు రావాలంటే ఇంధనం కావాలి. బొగ్గు బూడిదలో కూడా యురేనియం, థోరియం ఉంటాయి, దాని మీద ఎవరూ థ్రెడ్ పెట్టరు.

గని_తాతయ్య | బుధవారం, ఉదయం 10:40

బొగ్గు బూడిద మాట నిజమే, అదీ మన నెత్తిన ఉన్న సమస్యే. నియమాలు మెరుగయ్యాయన్నదీ నిజమే. జాడుగూడలో టెయిలింగ్స్‌లో ముతక ఇసుకని వేరుచేసి మళ్లీ గని లోపల ఖాళీల్లోకే నింపుతారు, మంచి పద్ధతి. చెరువుకి పోయేది సన్న బురద. కానీ 2006 డిసెంబరులో ఆ బురద మోసే పైపు పగిలి వాగులోకి పోయింది. అంటే నియమం ఉన్న కాలంలోనే.

నేను పట్టుబట్టేది ఒక్కటే. మూసివేత ఖర్చుని తవ్వడానికి ముందే, కంపెనీ ముట్టుకోలేని ఖాతాలో పెట్టించాలి. ఖనిజం అయిపోయిన రోజు గని దగ్గర ఆదాయం సున్నా, ఖర్చు మాత్రం అప్పుడే మొదలు. ఆస్ట్రేలియాలో రేంజర్ గని 2021 జనవరిలో ఉత్పత్తి ఆపింది. చుట్టూ కకడు నేషనల్ పార్కు. టెయిలింగ్స్‌ని 10,000 ఏళ్లు బయటి ప్రపంచానికి తగలకుండా ఉంచాలని అక్కడ షరతు. అంచనాలు పెరుగుతూ పెరుగుతూ 200 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటాయి. వెనక రియో టింటో లాంటి పెద్ద కంపెనీ ఉంది కాబట్టి బండి నడుస్తోంది. చిన్న కంపెనీ అయితే బోర్డు తిప్పేసేది.

కడప_అల్లుడు | బుధవారం, మధ్యాహ్నం 12:15

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఇక రాయక తప్పట్లేదు. నాది గాజువాక, అత్తగారి ఊరు కడప జిల్లా. యురేనియం గనికి దగ్గరే, ఊరి పేరు చెప్పను. మా మామగారి అరటితోట బోరు నీళ్లు మారిపోయాయి. నేల మీద తెల్లగా పొర కడుతోంది, నేల గట్టిపడుతోంది. అడిగితే ఒకరు పైనున్న మిల్లు చెరువు నుంచి కారిందంటారు, ఇంకొకరు మీ నేల గుణమే అంత అంటారు. మీరు 10,000 ఏళ్లు, వెయ్యేళ్లు అని మాట్లాడుకుంటున్నారు. మా మామగారికి వచ్చే కాపు సంగతి కావాలి.

అణుశక్తి_ఫ్యాన్ | బుధవారం, మధ్యాహ్నం 12:31

ఎరువులు ఎక్కువ వేసినా పొర కడుతుంది సార్. ప్రతిదానికీ గనినే అంటే ఎలా?

కడప_అల్లుడు | బుధవారం, మధ్యాహ్నం 12:38

మీరొచ్చి ఆ నీళ్లు తాగి చెప్పండి అయితే.

మోడరేటర్ | బుధవారం, మధ్యాహ్నం 1:00

ఇద్దరూ కాస్త ఆగండి. ఏ సంస్థ పేరూ, ఏ పార్టీ పేరూ వద్దు. నీళ్ల సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లని చెప్పనివ్వండి.

మద్దిలపాలెం_కెమిస్ట్ | బుధవారం, సాయంత్రం 5:50

అల్లుడు గారూ, మీరు చెప్పింది చూసి అది ఇదీ అని నేను తేల్చలేను, ఎవరూ తేల్చలేరు. కానీ తేల్చే దారి ఉంది.

మీ కడప జిల్లా తుమ్మలపల్లె గని ఖనిజం సున్నపురాయి జాతిలో ఉంటుంది. దాని మీద యాసిడ్ పోస్తే యాసిడ్ మొత్తం సున్నమే తాగేస్తుంది. అందుకని అక్కడ సోడియం కార్బనేట్, బైకార్బనేట్‌తో కరిగిస్తారు. కాబట్టి అలాంటి మిల్లు చెరువు నుంచి నీరు కారితే యురేనియం ఒంటరిగా రాదు. వెంట సోడియం, సల్ఫేట్ పెరుగుతాయి. సోడియం ఎక్కువైన నీరు పారిస్తే నల్లనేల గట్టిపడుతుంది, నీరు ఇంకదు. రాయలసీమ రాళ్లలో సహజంగానే కొన్ని బోర్లలో యురేనియం ఉంటుంది, అదీ నిజం. అందుకే ఒక్క యురేనియం అంకె చూసి గొడవపడితే తేలదు. చెరువుకి దగ్గర బోరు, దూరపు బోరు, నీరు వచ్చే ఎగువ వైపు బోరు, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. గని రాకముందు కొలిచిన లెక్కలు ఊరి దగ్గర ఉండి ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. అసలు తవ్వే ప్రతిచోటా పంచాయతీ ఆఫీసులో ముందు కొలతలు అతికించాలి, నన్నడిగితే.

తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకి 30 మైక్రోగ్రాములు, మన ఏఈఆర్‌బీది 60. నీళ్లలోని యురేనియం ముందు దెబ్బకొట్టేది కిడ్నీల్ని, అది రసాయన విషంగా చేసే పని. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ చాలావరకు తీసేస్తుంది, తాగడానికీ వంటకీ అది వాడమనండి. ఆర్‌ఓ వదిలే నీళ్లు పెరటి మొక్కలకి పోయొద్దు.

భీమిలి_ఎర్రమట్టి | బుధవారం, రాత్రి 7:30

అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా బీచ్ నల్ల ఇసుకలో మోనజైట్ ఉందంటారు, అదీ రేడియోధార్మికమే కదా. పిల్లలు ఆడుకోవచ్చా? ఇంకొకటి, ఎరువుల ఫ్యాక్టరీల దగ్గర తెల్ల జిప్సం గుట్టలు కనిపిస్తాయి, వాటిలోనూ రేడియం ఉంటుందని చదివాను.

గని_తాతయ్య | బుధవారం, రాత్రి 8:55

మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అది గట్టి స్ఫటికం, నీళ్లలో కరగదు. ప్రకృతి అలలతో కలిపి చేర్చిన ఇసుక అది, మిల్లు పిండి కాదు. పిల్లలు సాయంత్రం ఆడుకుంటే కంగారు పడాల్సిందేమీ లేదు. ఇసుక ఇంటికి తెచ్చి గోడలు కట్టొద్దు, అంతే.

జిప్సం మాట మాత్రం మంచి ప్రశ్న. ఫాస్ఫేట్ రాయిలో కొంచెం యురేనియం ఉంటుంది. యాసిడ్ పోసినప్పుడు రేడియం చాలావరకు జిప్సంలోకి పోతుంది. దాన్ని ఇంటి ప్యానెళ్లకి వాడితే రేడియం ఎంత ఉండొచ్చో 2009లో ఏఈఆర్‌బీ హద్దు పెట్టింది. ఇలాంటి హద్దు ఎందుకో తెలియాలంటే కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్ చూడాలి. అక్కడ యురేనియం మిల్లు ఇసుకని మెత్తగా బాగుందని ఇళ్ల పునాదుల్లో, ఫుట్‌పాత్‌ల కింద పోశారు. తర్వాత వేల ఇళ్ల దగ్గర తవ్వి తీయాల్సి వచ్చింది. విశాఖలో ఇసుక ధర చూస్తే మనవాళ్లు ఊరుకుంటారా!

జర్మనీలో_జాలరి | బుధవారం, రాత్రి 11:40

కుర్రోడికి ఇంకొక్క ముక్క. మా దగ్గర ష్నీబెర్గ్ అనే ఊళ్లో వెండి గనుల పనివాళ్లు వందల ఏళ్లుగా ఏదో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయేవాళ్లు. అది క్యాన్సర్ అని 1879లో ఇద్దరు వైద్యులు రాశారు, రేడాన్ వల్లనని తర్వాతెప్పుడో తెలిసింది. అంత తెలిసీ 1940ల్లో అదే కొండల్లో యురేనియం కోసం గాలి లేకుండా మనుషుల్ని దించారు.

పెందుర్తి_కుర్రోడు | గురువారం, సాయంత్రం 6:20

సెమినార్ అయింది. రమ్ జంగిల్ స్లైడ్ దగ్గర సార్ ఆపి, "మరి ఎన్నేళ్లు కాపలా కాయాలి, జీతం ఎవరిస్తారు?" అని అడిగారు. తాతయ్య గారి ఖాతా మాట చెప్పాను. వడ్డీ రేటు ఎంత అనుకున్నావు అన్నారు. నాకు జవాబు రాలేదు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు.

గని_తాతయ్య | గురువారం, రాత్రి 8:10

మీ సార్ గట్టివాడే. వడ్డీ ఎక్కువ అనుకుంటే ఈరోజు పెట్టాల్సిన డబ్బు తక్కువగా కనిపిస్తుంది. కంపెనీల లెక్కల్లో తగ్గింపు అక్కడే జరుగుతుంది. 2 శాతానికొకటి, 6 శాతానికొకటి, రెండు పట్టికలు వేసి తీసుకెళ్లు. తేడా చూస్తే ఆయనే మాట్లాడతాడు.

కడప_అల్లుడు | గురువారం, రాత్రి 9:05

కెమిస్ట్ మేడమ్, ఆదివారం తిరుమల ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తున్నాను. మీరు చెప్పినట్టు మూడు బోర్ల నీళ్లు తెస్తాను. వాటర్ బాటిల్‌లో పడితే చాలా?

మద్దిలపాలెం_కెమిస్ట్ | గురువారం, రాత్రి 9:30

కూల్‌డ్రింక్ సీసాలు వద్దు. ల్యాబ్ నుంచి కొత్త పాలిథిన్ సీసాలు ఇస్తాను, శనివారం మధ్యాహ్నంలోపు రండి. ఒక్కో బోరుకి రెండు. నీలం మూత దానిలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు ఉంటాయి, అది యురేనియం, సోడియం కోసం. కడగొద్దు, నోటి దగ్గర పెట్టొద్దు. తెల్ల మూతది ఖాళీ, అది బైకార్బనేట్, సల్ఫేట్ కోసం, గాలి బుడగ లేకుండా నిండా పట్టండి. మోటారు వేసి పైపులో నిల్వ నీరు పోయేదాకా పది నిమిషాలు వదిలాకే పట్టాలి. సీసా మీద బోరు లోతు, తేదీ, టైమ్ రాయండి. ఫోన్‌లో లొకేషన్ ఫొటో తీసుకోండి. తెల్ల మూత సీసాలు ఐస్ పెట్టెలో తేవాలి.

కడప_అల్లుడు | గురువారం, రాత్రి 9:34

సరే మేడమ్. ఎగువ వైపు బోరు మాకు పడనివాళ్లది. మా మామగారిని పంపి అడిగిస్తాను.